జూలుదొర ఊపిరి

దక్షిణాన, పడవలు దారి మరిచిపోయే చోట, ఒక పగడపు దిబ్బ ఉంది. ఎంత పెద్దదంటే, దాన్ని ఒక్కసారి చుట్టి వద్దామని పెళ్ళయిన మర్నాడే జంటగా బయల్దేరిన తాబేళ్ళు, మొదలుపెట్టిన చోటికి తిరిగొచ్చేసరికి వాటి వెనకాల మునిమనవలు ఈదుకుంటూ వస్తున్నారు. అక్కడి నీళ్ళు ఎంత తేటవంటే, చేపలు తాము నీళ్ళలో ఉన్న సంగతి మర్చిపోయి గాల్లో తేలుతున్నామనుకునేవి.

మధ్యాహ్నపు ఎండ పైనుంచి దిగి, దిగి, దారిలోనే వేడి పోగొట్టుకుని, అడుగుకి చేరేసరికి ఎండలా ఉండేది కాదు. నిద్రలో ఎవరో కదిపిన పలచటి చీరకొంగులా ఉండేది. ఆ కొంగు నీడలో కొమ్మల పగడాలు, విసనకర్ర పగడాలు, పేరు పెట్టడానికి ఎవరికీ తీరిక దొరకని మెత్తటి పూలూ ఒకే తాళానికి ఊగుతుండేవి. అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడరు. మాట్లాడినా ఆ మాట తేలుతూ తేలుతూ వెళ్ళి, అన్నవాడు మర్చిపోయాక విన్నవాడికి తగులుతుంది.

ఆ దిబ్బ తూర్పు అంచున పైడయ్య అనే చేప ఉండేవాడు. వేలెడు మనిషి. పేరుకి తగ్గట్టు ఒళ్ళంతా బంగారు పసుపు. వాళ్ళ తెగలో ఒక ఆచారముంది. గుడ్లు పెట్టడం వరకే ఆడదాని వంతు. కాపలా, పెంపకం మగవాడివి. ఐదు రోజుల కిందట అతని భార్య నీలాలు ఒక నున్నటి పగడపు పలక మీద మూడువేల గుడ్లు వరసగా అతికించి, "నీరు ఆడనివ్వు, నువ్వు మాత్రం కదలకు" అని రెండు ముక్కలు చెప్పి నీలం నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

ఆ రెండు ముక్కల్నీ పైడయ్య నెత్తిన పెట్టుకున్నాడు. గుడ్డుకి కొత్త నీరు తగలకపోతే లోపలి ప్రాణానికి ఊపిరాడదు. అందుకని ఐదు రోజులుగా, తిండీ నిద్రా మానేసి, చెంపల పక్కనున్న రెండు రెక్కలతో గుడ్లకి నీళ్ళు విసురుతూనే ఉన్నాడు. ఆ విసురుకి మైలు దూరంలో ఉన్న దీవిలో కొబ్బరాకులు ఊగేవంటే అందులో అబద్ధం లేదు. ఉంటే ఆకులదే.

ఆ రోజు గుడ్లన్నిటిలోనూ రెండేసి నల్ల చుక్కలు కనిపించాయి. అవి కళ్ళు. మూడువేల జతల కళ్ళు ఒక్కసారిగా తండ్రిని చూశాయి. పొద్దు వాలి నీళ్ళు నారింజ రంగు తిరిగే వేళకి గుడ్లు పగిలి, పిల్లలు పైకి తేలిపోతాయి. ఆ ఒక్క సాయంత్రం దాకా అక్కడుంటే చాలు.

అంతలో శంఖం గుల్లలో కాపరముండే పీత సన్నాసయ్య ఇంటిని వీపున వేసుకుని, దారి పొడవునా ఇసుక చెదరగొడుతూ వచ్చాడు. తూర్పంచున ఏ వార్తైనా అతని కాళ్ళతోనే నడిచేది.

"బావా, ఉన్నావా?"

"ఉండక ఎక్కడికి పోతాను. ఏటి విశేషం?"

"చెప్పడానికి నోరు రావటం లేదు గానీ చెప్పకుండా ఉండలేను. నిన్న పొద్దువాలే వేళ మీ అప్పలసూరన్న పోయాడు."

పైడయ్య రెక్కలు ఒక్క క్షణం ఆగాయి. వెంటనే గుడ్లు గుర్తొచ్చి మళ్ళీ కదిలాయి.

"జూలుదొరేనా?"

"ఇంకెవరు?"

జూలుదొరని ఒక్కసారి చూసినవాళ్ళు రెండోసారి కథలు చెప్పుకోవడానికి మిగిలేవారు కాదు. మిగిలిన కొద్దిమంది చెప్పినదే ఇది. అతనూ చేపే. తెలుపు మీద కుంకుమరంగు చారలు, కళ్ళ మీదనుంచి కూడా ఒక చార. రెండు పక్కలా నెమలి పురి విప్పినట్టు రెక్కలు. వీపు మీద పదమూడు ముళ్ళు, ఒక్కొక్కటీ బెత్తెడు, ఒక్కొక్క దాని గాడిలో విషం. పగలంతా ఒక పగడపు చూరు కింద తలకిందులుగా వేలాడుతూ కునుకు తీసేవాడు. పొద్దు వాలబోయే ముందు బయటికొచ్చేవాడు. తొందర అన్న మాట అతని ఇంటావంటా లేదు. అతను ఆవులిస్తే ఆ ఆవులింత అయ్యేదాకా ఆటుపోటు ఆగి నిలబడేదట. సొరచేప ఎదురైనా పక్కకి తప్పుకోవలసింది సొరచేపే.

"బొరియలో మొహం పెట్టి దాక్కోలేదా అన్న?" అన్నాడు పైడయ్య.

"దాక్కున్నాడు బావా. నా కళ్ళారా చూశాను. దొర చూపు తగిలితే మంత్రం పడుతుందని మీవాళ్ళంతా అనుకుంటారు కదా, అలాగే మొహాన్ని బొరియలో దూర్చి తోక మాత్రం బయట పెట్టాడు. దొర మూరెడు దూరంలో వచ్చి నిలబడ్డాడు. రెక్కలు చాపాడు. ముట్టుకోలేదు, కసరలేదు. మీ అన్న తనంతట తానే మొహం బయటికి తీసి, అటు తిరిగి, చుట్టాలింటికి వెళ్ళినట్టు తల ముందు పెట్టి ఆ నోట్లోకి వెళ్ళిపోయాడు."

"మొన్న చినబంగారి, అటు మొన్న మా పినతండ్రి. అందరూ అలాగే తిరిగారు."

"మంత్రమే మరి. ఇంకో మాట కూడా ఉంది, తిట్టుకోకు. నిన్న తిని వెళ్తూ దొర తనలో తను గొణుక్కున్నాడు. 'తూర్పంచున ఒక పసుపువాడు ఐదు రోజుల్నించి కదలటం లేదు, రేపు వాడి దగ్గరికి పోదాం' అని. పారిపో బావా."

"గుడ్లో?"

"నువ్వుంటే మళ్ళీ గుడ్లు."

"అటు చూడు మావా."

సన్నాసయ్య కాడల మీది కళ్ళు తిప్పి చూశాడు. పలకకి జానెడు దూరంలో ముగ్గురు పొడుగుచేపలు ఊరికే షికారుకొచ్చినట్టు తిరుగుతున్నారు. గుడ్ల దొంగలు. పైడయ్య రెప్పపాటు తప్పుకుంటే చాలు, పలకని నాకి పారేస్తారు.

"నేను పోతే మూడువేలూ పోతాయి. నేనుండి దొర నోట్లో పడ్డా మూడువేలూ పోతాయి. సాయంత్రం దాకా నేను బతికుండాలి, ఇక్కడే ఉండాలి. ఇంతే సంగతి."

అలా అంటూ పైడయ్య గుడ్లకి విసిరాడు. ముగ్గురు దొంగలూ ఒక్కసారిగా ఇటు తిరిగి, ముక్కులు అతని వైపు పెట్టారు. విసరడం ఆపాడు. ముగ్గురూ మళ్ళీ తలో వైపు చూశారు. ఐదు రోజులుగా జరుగుతున్నదే ఇది. గుడ్ల మీది ఆశతో తిరుగుతున్నారని అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఆపి, మళ్ళీ విసిరాడు. మళ్ళీ మూడు ముక్కులూ ఇటే. ఇంకోసారి, గుడ్ల మీదికి కాకుండా పక్కకి విసిరాడు. నీరు తగిలిన ఒక్కడే తిరిగాడు, తగలని ఇద్దరూ తిరగలేదు.

పైడయ్య సన్నాసయ్య వైపు తిరిగాడు.

"మావా, మంత్రం కాదిది. దొర ఊదుతున్నాడు."

"ఏటి ఊదుతున్నాడు?"

"నీరు. నోట్లోంచి సన్నటి ధారలా నీరు వదులుతాడు. చేపకి ఒంటి మీద ఎటునుంచి నీరు తగిలితే అటు మొహం తిప్పడం పుట్టుకతో వచ్చింది. మేమంతా అది ప్రవాహమనుకుని, ఎదురు నిలబడదామని గొప్పగా తిరుగుతున్నాం. అక్కడ దొర నోరు ఉంటోంది."

"ఓసింతేనా. ఊదినా తిరక్కుండా ఉండు."

పైడయ్య తోకతో సన్నాసయ్య కంటి కాడని తాకాడు. సన్నాసయ్య చప్పున గుల్లలోకి దూరిపోయాడు.

"ముడుచుకోకుండా ఉండలేవా మావా?"

"ఉండలేనే," అంది గుల్ల లోపల్నించి మాట.

"నాకూ అంతే కష్టం. కానీ తిరక్కపోతే నన్ను మింగలేడు. తోకవైపునుంచి మింగితే నా వీపు ముళ్ళు గొంతులో అడ్డం పడతాయి. అందుకని ఇంకా దగ్గరికొస్తాడు, ఇంకా గట్టిగా ఊదుతాడు. ఎంత దగ్గరికంటే..."

అతని చూపు పలకకి ఎదురుగా, ఇసుకలో కూరుకుపోయి ఉన్న ఒక గరుకు రాయి మీదికి వెళ్ళింది. నాచు పట్టిన రాయి. బుడిపెల రాయి. వచ్చీపోయే వాళ్ళంతా దాన్ని రాయనే అనుకున్నారు. సన్నాసయ్య కూడా రెండుసార్లు దాని పక్కన కూర్చుని కాళ్ళ నొప్పులు చెప్పుకున్నాడు. కానీ ఒకేచోట ఐదు రోజులు కూర్చుని చూసేవాడికి తెలిసే సంగతులు వేరు. మూడో రోజు పొద్దున ఆ రాయి ముందు నుంచి ఒక రొయ్య వెళ్ళింది. తరవాత వెళ్ళలేదు. రాయి తెరిచి మూసిన నోటి వేగం ముందు పిడుగు కూడా బద్ధకస్తురాలే. ఆనాడు పైడయ్య భయపడుతూనే పలకరించాడు. పలకరింపుకి జవాబు నాలుగో రోజు వచ్చింది. ఆ రాయి పేరు బండతాత.

ఇప్పుడు కూడా మర్యాదగా పిలిచాడు.

"తాతా, మేలుకునే ఉన్నావా?"

చాలాసేపటికి ఇసుక కొంచెం కదిలింది.

"ఎవడది, గుడ్లవాడేనా? దూరం నుంచే మాట్లాడు నాయనా. నా నోటి ముందుకి రాకు. ఆకలేసినప్పుడు నాకు చుట్టరికాలు గుర్తుండవు."

"రాను తాతా. ఒక్క మాట అడుగుతాను. నీ వీపు మీద ఎవరైనా కూర్చుంటే?"

"కూర్చోబెట్టుకోను, లేపను. నేను ఎవర్నీ పొడవను నాయనా. నా వీపు తోలు కింద పదమూడు ముళ్ళున్నాయి, వాటి మానాన అవి పడుకుని ఉంటాయి. బరువు పడితే లేస్తాయి. అది వాటి పని. మధ్యలో నాకెందుకు?"

"నువ్వు కాస్త హెచ్చరించవా?"

"నోరు తెరిస్తే రొయ్యలు బెదిరిపోవూ," అని తాత మళ్ళీ రాయి అయిపోయాడు.

గుల్లలోంచి ఒక కన్ను బయటపెట్టి ఇదంతా విన్న సన్నాసయ్య, రెండుసార్లు తను ఎక్కడ కూర్చున్నాడో తలుచుకుని, గుల్లతో సహా నాలుగడుగులు వెనక్కి జరిగాడు.

పొద్దు వాలసాగింది. పైన సముద్రం ఎవరో పసుపు నీళ్ళు కలిపినట్టు మారింది. చీరకొంగు వెలుగు మెల్లగా మడత పడింది. దొంగలు ముగ్గురూ ఎక్కడికో మాయమయ్యారు, అంటే దొర బయల్దేరాడన్నమాట. విసనకర్ర పగడాలు తల వంచాయి. దూరాన ఒక ఎర్రటి పువ్వు విచ్చుకున్నట్టు కనిపించింది. ఆ పువ్వు కదిలింది. దగ్గరైంది. దాని మధ్యలో నోరుంది.

అంత అందాన్ని చూస్తూ భయపడటం ఎంత కష్టమో పైడయ్యకి అప్పుడు తెలిసింది. కలలో ఎవరో పిలిచినట్టు ఒళ్ళంతా అటే లాగింది. అతను చప్పున గుడ్ల వైపు తిరిగి, పలక కింది మూలకి, సరిగ్గా తాత వీపు ఎత్తుకి దిగి, దొరకి తోక చూపించి నిలబడ్డాడు.

"ఏరా పైడిగా," అన్నాడు జూలుదొర. అతని గొంతు పాత వీణ తీగలా ఉంది. "పెద్దవాళ్ళొస్తే వెనక్కి తిరిగి నిలబడమని మీ ఇంట్లో నేర్పారా?"

"తప్పనుకోకండి దొరా. చేతిలో పనుంది. మూడువేలమందికి విసరాలి."

"కానియ్, కానియ్. నాకేం తొందర లేదు."

దొర రెండు రెక్కలూ చాపాడు. కుడివైపు దారి పోయింది. ఎడమవైపు దారి పోయింది. చారల తెర కట్టినట్టయింది. ఆ తెర మధ్యలోంచి మెత్తగా, ఎంతో మర్యాదగా, ఒక ఊపిరి వచ్చి పైడయ్య తోకకి తగిలింది.

ఒళ్ళంతా తిరుగు తిరుగు అంది. తోక కొస నుంచి చెంపల దాకా ప్రతి పొలుసూ తిరుగు అంది. అమ్మమ్మలు, తాతలు, వాళ్ళ అమ్మమ్మలు, సముద్రం పుట్టిన నాటి నుంచి ప్రవాహానికి ఎదురు నిలిచిన వాళ్ళంతా లోపల్నించి తిరగరా అన్నారు. పైడయ్య ముక్కుని పలక అంచుకి ఆనించి, ఒక గుడ్డులోని రెండు చుక్కల్ని చూస్తూ ఉండిపోయాడు.

దొర కాస్త ఆశ్చర్యపోయాడు. ఇంకో ఊపిరి వదిలాడు. పైడయ్య తిరగలేదు.

"చెవుడా నీకు?"

"లేదు దొరా. మీ ఊపిరి బాగా తగుల్తోంది. చల్లగా ఉంది. గుడ్లకి మంచిది."

తెర ఒక్క క్షణం వణికింది.

"ఏ ఊపిరి?"

"అదే దొరా, మీరు ఊదుతున్నది. లోకమంతా మంత్రమంటారు. నేను ఐదు రోజులుగా చేస్తున్న పని కూడా అదే కాబట్టి తెలిసింది. రేపు పొద్దున్నే దిబ్బంతా చెప్తాను, పాపం భయపడి చస్తున్నారు."

జూలుదొర పుట్టి ఎన్నేళ్ళో ఎవరికీ తెలీదు గానీ, అన్నేళ్ళలో అతను తొందరపడింది ఆ సాయంత్రమే. ఈ వేలెడువాడు తెల్లవారి నోరు విప్పితే ఇక ఏ చేప తన వైపు మొహం తిప్పుతుంది?

"రేపన్నది చూసినప్పటి మాట," అంటూ కిందికి దిగాడు. గట్టిగా ఊదాలంటే కుదురుగా నిలబడాలి. తేలుతూ ఊదితే సగం ఊపిరి తననే వెనక్కి నెడుతుంది. సరిగ్గా పైడయ్య ఎత్తుకి, మూరెడు దూరంలో, ఆనుకోవడానికి అనువుగా ఒక గరుకు రాయి కనిపించింది.

"దొరా, అక్కడ మాత్రం కూర్చోకండి," అన్నాడు పైడయ్య తిరక్కుండానే. "అది మా తాత. పడుకున్నాడు."

దొర నవ్వాడు. ఆ నవ్వుకి అతని పదమూడు ముళ్ళూ టకటకలాడాయి.

"రాయి నీకు తాతా? నాలుగు దిక్కులా నాచుని మేనత్తలనుకుంటున్నావా?"

"నిజం చెప్తున్నాను దొరా. ఆయన మీద బరువు పెట్టకూడదు."

"ఈ దిబ్బ మీద నేను ఎక్కడ కూర్చోవాలో చెప్పేవాడివి నువ్వా?"

"చెప్పడం వరకే నా వంతు."

దొర రెక్కలు సర్దుకుని, తొందరలో పొట్ట ఇంకా రాయికి ఆనకముందే, ఒక్క వెంట్రుక వాసి ఎడంలోంచే, చెంపలు బూరెల్లా పొంగించి, మూడో ఊపిరి వదిలాడు. ఊపిరా అది? పక్క సముద్రంలో పడవలకి తెరచాపలు నిండాయి. ఒక తిమింగలం వీపున తట్టినట్టయి వెనక్కి తిరిగి చూసింది.

సరిగ్గా ఆ ఊపిరే పలకని తాకింది. నారింజ వెలుగులో మొదటి గుడ్డు చిట్లింది. దాని పక్కది చిట్లింది. చప్పుడు లేదు. పలక మీద వెలుగు పొడి రాలుతున్నట్టు, కాదు, లేస్తున్నట్టు, మూడువేల ప్రాణాలు అద్దపు ముక్కల్లా పైకి లేచాయి. దొర ఊపిరి వాటిని ఎత్తుకుని, దొంగలకి అందని ఎత్తుకి, నీళ్ళు నీలంగా మారే చోటికి తీసుకుపోతోంది. పైడయ్య ఇంకా తిరగలేదు. తల మాత్రం పైకెత్తాడు.

"తిరగరా," అన్నాడు దొర. ఇంకో ఊపిరికి బలం కోసం పొట్టని రాయి మీద గట్టిగా ఆనించాడు.

రాయి ఏమీ అనలేదు. దాని తోలు కింద పడుకుని ఉన్న పదమూడూ లేచాయి.

ఎన్నో ఏళ్ళుగా ముళ్ళు మోస్తున్నా, ముల్లు గుచ్చుకుంటే ఎలా ఉంటుందో జూలుదొరకి అదే మొదటిసారి. అతని ముళ్ళన్నీ పైకి ఉన్నాయి. పొట్ట కింద ఒక్కటీ లేదు. ఊదబోయిన ఊపిరి లోపలే ఉండిపోయింది. చెంపలు పొంగినవి పొంగినట్టే ఉన్నాయి. నెమలి పురిలాంటి రెక్కలు తడిసిన గొడుగులా ముడుచుకున్నాయి. పెద్ద కేక పెడదామనుకున్నాడట. ఒక బుడగ మాత్రం వచ్చింది.

నీరు ఎటు తోస్తే అటు, తోక ముందుగా, తలకిందులుగా, దొర మెల్లగా కొట్టుకుపోయాడు. విసనకర్ర పగడాలు దారి ఇచ్చాయి గానీ తల వంచలేదు.

చాలాసేపయ్యాక బండతాత గొంతు వినిపించింది.

"ఎవరో కూర్చున్నట్టుంది నాయనా?"

"లేచి వెళ్ళిపోయారు తాతా."

"ఆహా. చెప్పాల్సింది, మంచిగానే చెప్పావా?"

"రెండుసార్లు చెప్పాను."

"అయితే నా పాపం లేదు," అని తాత ఇసుక కప్పుకున్నాడు.

పైడయ్య అప్పుడు తిరిగాడు. ఎదురుగా ఎవరూ లేరు. ఖాళీ పలక ముందు అతని రెక్కలు కాసేపు అలవాటుగా విసురుతూనే ఉన్నాయి. సన్నాసయ్య గుల్లలోంచి బయటికొచ్చి, పైకి చూస్తూ, "ఎన్ని వెళ్ళాయి బావా?" అన్నాడు.

"అన్నీ," అన్నాడు పైడయ్య. తర్వాత ఐదు రోజుల ఆకలి గుర్తొచ్చి, నాచు కోసం బయల్దేరాడు.

జూలుదొర చావలేదు. అలాంటివాళ్ళు అంత తేలిగ్గా చావరు. పద్దెనిమిది రోజులు చూరు కింద వాచిన పొట్టతో వేలాడి, పంతొమ్మిదో సాయంత్రం చారలు దిద్దుకుని బయటికొచ్చాడు. ఒక చేపల గుంపు దగ్గర నిలబడి, మునుపటంత మర్యాదగా ఊదాడు. గుంపులో ఒక్క మొహం కూడా తిరగలేదు. వరసగా నాలుగువందల తోకలు కనిపించాయి. ఆ తోకల మధ్యనుంచి ఒక ముసలి చేప, "చల్లగా ఉంది దొరా, ఇంకాస్త ఇటు ఊదండి" అంది. దొర ఆ దిబ్బ మీద మళ్ళీ ఊదలేదు.

ఎవరు ఊదుతున్నారో చూసుకోకుండా మొహం తిప్పేవాడు, ఊదినవాడి నోటికే ఎదురు వెళ్తాడు.